ఆదివారం సైకిలు

మా నాన్న సైకిలు ఎప్పుడూ ఖాళీగా పోలేదు. క్యారియరు మీద ఇప్పపువ్వు మూటో, తునికాకు కట్టలో ఉండేవి. అందుకే ఆదివారం పొద్దున్నే నేను ఊరికే సైకిలెక్కి కూనవరం నుంచి శబరి ఒడ్డున పోతుంటే మా కోయవాళ్లకు వింత. "ఎక్కడికి పంతులూ?" అంటారు. "ఏటి గాలికి" అంటే నవ్వుతారు.

చలికాలం మంచు విడిచేదాకా ఈ దారిన బండ్లు తక్కువ. ఏట్లో చేప ఎగిరినా వినపడుతుంది. ఇరవై ఏళ్లు మోటారు సైకిలు మీద ఇదే దారిలో తిరిగాను. ఒక్క చెట్టూ గుర్తు లేదు.

ఇప్పుడు చూడాలనిపిస్తోంది. పోలవరం నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. మా మండలంలో చాలా ఊళ్లు ఆ లెక్కకు కిందే ఉన్నాయి. 2022 జులై వరద మాకు ఆ రుచి చూపించింది. మా బడిలో అయిదో తరగతి పిల్లలకు కూడా 'కాంటూరు' అనే మాట తెలుసు.

మొన్న ఆదివారం ఆ తరగతి పిల్ల ఒకతె అన్న సైకిలు తీసుకుని, కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కుతూ నా వెంట పడింది.

"ఎక్కడికి సార్?"

"ఎక్కడికీ కాదు. చూస్తూ తొక్కు."

కాసేపటికి ఏ ఇప్పచెట్టు ఎవరి ఇంటిదో తనే నాకు కోయలో చెప్పడం మొదలుపెట్టింది. నేను సైకిలు ఆపి రాసుకున్నాను.