మంచమెక్కని మా అవ్వ

'మంచమెక్కింది' అంటే జబ్బు పడ్డదని అర్థం. మా అవ్వ పాతికేండ్లు నడుం నొప్పితో బతికింది గానీ మంచమెక్కలేదు. ఎక్కడానికి మా ఇంట్ల మంచమే లేదు.

మాది పాలమూరు దిక్కు మాదిగవాడ. కరువుకు ఊరిడిసి పట్నమొచ్చిన మా అవ్వ, నాయిన బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్ల ఒక గల్లీల ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నరు. నాయిన హమాలీ. అవ్వ పొద్దుగాల నాలుగింటికి రోడ్లు ఊడ్వపోయేది. పొట్టి చీపురు పట్టుకొని, నడుం వంచి, పురానాపూల్ దిక్కు నుంచి జూపార్కు దాకా. ఆ తర్వాత రెండిండ్లల్ల బాసండ్లు తోమేది.

రాత్రి అందరం నేల మీదనే. కింద గచ్చు, గచ్చు మీద శాప, శాప మీద బొంత. పాత చీరలు మడతలేసి అవ్వ కుట్టిన బొంత. వానకాలం గచ్చు నిమ్మెక్కేది. తెల్లారగట్ల జూపార్కుల సింహాలు అరిచేవి. ఆ అరుపుకే అవ్వ లేచేది. లేచుడంటే మామూలు లేచుడు కాదు. ముందు బోర్ల మర్లాలె. రెండు చేతులు నేలకు ఆనించాలె. మోకాళ్ళ మీదికి రావాలె. ఆఖరికి గోడ పట్టుకోవాలె. లేచేదాకా మూలిగేది. నేను వినవడనట్టు ముసుగు తన్నేదాన్ని.

"కింద పండుకుంటే నడుం గట్టిపడతది" అని గల్లీల అందరూ చెప్పేటోళ్ళు. మేమూ నమ్మినం. నమ్మక ఏం చేస్తం? ఉన్నది నేలే గదా. ఉన్నదాన్నే మందు అనుకోవడం లేనోళ్ళకు అలవాటు.

2012 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మొదటి జీతంతో మంచం కొన్న, దాని మీదికి మందపాటి ఫోం పరుపు కొన్న. అవ్వను సుఖంగ పండవెట్టాలని. నిజం చెప్పాలంటే ఇంకో కారణం గూడ ఉంది. తోటి టీచర్లు ఇంటికొస్తే బొంతలు కనవడొద్దని. బొంతలన్నీ మూటగట్టి సజ్జ మీద పడేసిన. చదువు నాకు సిగ్గు గూడ నేర్పింది.

అవ్వ మూడు రాత్రులు పరుపు మీద పండుకుంది. నాలుగో రాత్రి నీళ్ళకు లేచి చూస్తే మంచం కాళ్ళకాడ గచ్చు మీద ముడుచుకొని ఉంది.

"ఏమైందవ్వా?"

"బురదల దిగవడ్డట్టు అయితుంది బిడ్డా. మర్లరాదు, లేవరాదు." కొంచెం ఆగి మళ్ళ అన్నది: "మంచం మీద కన్ను మూతవడదు. ఎవలో వచ్చి లెమ్మన్నట్టే ఉంటది."

ఆ రాత్రే నాకు తాత సంగతి చెప్పింది. ఊళ్ళె తాతకొక నులక మంచం ఉండెనట. దొర వాడ దిక్కు వస్తే మంచం దిగి నిలవడాలె, మంచాన్ని గోడకు నిలవెట్టాలె. ఒకనాడు తాతకు జరమొచ్చి ఒళ్ళు తెలువక పండుకున్నడు. దొర జీతగాళ్ళతోని మంచం నులక కోయించిండు. అప్పుడు అవ్వకు ఏడేండ్లు. తాత మళ్ళ మంచం అల్లించలేదు.

తర్వాత సర్కారు దవాఖానకు తీస్కపోయిన. అక్కడ ఫిజియోథెరపీ చేసే మేడమ్ ముందుగాల అడిగింది, "రాత్రి దేని మీద పండుకుంటవమ్మా?" అని. పాతికేండ్లల్ల ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. గచ్చు మీద తుంటి, భుజం ఒత్తుకుంటయి, నడుముకు కింద ఆసరా ఉండదు. మరీ మెత్తటి పరుపైతే బరువున్న నడుమే లోపలికి దిగి వెన్ను వంగుతది. నడితీరుగ ఉన్నదే మంచిది అన్నది. పక్కకు పండుకుంటే మోకాళ్ళ నడుమ మెత్త పెట్టుకోవాలె, ఎల్లెలుకల పండుకుంటే మోకాళ్ళ కింద పెట్టుకోవాలె. లేచేటప్పుడు పక్కకు మర్లి, కాళ్ళు కిందికి వేసి, చేత్తో ఒత్తుకుంటూ లేవాలె. పొద్దుమాపు పండుకొనే ఉండొద్దు, మెల్లగ నడవాలె.

చదువుకున్నదాన్ని గదా, తర్వాత నేనూ వెతికి చదివిన. 2003లో స్పెయిన్‌లో నడుం నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు కొందరికి, నడితీరువి కొందరికి ఇచ్చి 90 దినాలు చూసిన్రట. నడితీరు పరుపుల వాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గిందట. 1986లో అమెరికాలో ఇంకో పరిశోధన. నడుం నొప్పికి ఏడు దినాలు పండుకున్నా, రెండు దినాలు పండుకున్నా కోలుకునుడు ఒక్కతీరే ఉన్నదట. చదివి నవ్వొచ్చింది. రెండు దినాలు! మా అవ్వ రెండు దినాలు పండుకుంటే మాకు రెండు దినాల కూలి పోయేది. పొద్దంత వంగి ఊడ్చే నడుముకు ఏ పరుపు సరిపోతదో ఆ పరిశోధనలల్ల లేదు.

ఫోం పరుపు సగం ధరకు అమ్మేసిన. మా గల్లీ చివర గద్దాలు కుట్టే చిచ్చా ఉన్నడు. దూది దట్టంగ నింపి కుట్టిచ్చిండు. అరచేత్తో ఒత్తి చూపెట్టి, "ఎండకు ఎయ్యాలమ్మా, గడ్డ కడితే మళ్ళ ఏకియ్యాలె" అన్నడు. సజ్జ మీది బొంత నేనే దించి దులిపి దాని మీద పరిచిన. అవ్వ బొంతను చేత్తో నిమిరి పండుకుంది. నొప్పి పూర్తిగ పోలేదు. సగం తగ్గింది ఊడ్చుడు మానిపించినంకనే. కానీ తెల్లారగట్ల ఆ మూలుగు ఇప్పుడు వినవడదు.

పోయినేడు మా హెడ్మాస్టరు ఇంటికొచ్చిండు. పెద్ద కులమాయన. చెప్పుల చప్పుడు వినంగనే అవ్వ మంచం మీదికెల్లి తండ్లాడుకుంట దిగవోయింది. ఆయన లెమ్మనలేదు. ఎవ్వరూ లెమ్మనలేదు. నేను పోయి భుజం మీద చెయ్యి వేసిన.

"పండుకో అవ్వా. సార్ కుర్చీల కూసుంటడు."

అవ్వ ఆయన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కిందికి దించిన కాళ్ళు మళ్ళ మీదికి తీసుకుంది. సార్ చాయ్ తాగి పోయిండు.

"ఏమన్న అనుకున్నడా బిడ్డా?" అని అడిగింది.

"అనుకుంటే అనుకోనీ" అన్న.

దర్వాజ చప్పుడైతే ఇప్పటికీ అవ్వ చేతులు లేవడానికి పరుపును ఒత్తుతయి. నడుముకు ఏ పరుపు మంచిదో దవాఖానల చెప్పిన్రు. ఈ ఉలికిపాటు మాన్పే పరుపు మాత్రం ఏ చిచ్చా కుట్టలేడు. అందుకే చప్పుడైన ప్రతిసారీ నేనే చెప్తున్న: లేవకవ్వా, ఎవల కోసమూ లేవకు.