ముందు సరుకు, ఆ తరవాతే లారీ

ఉద్యోగం పోయిన మిత్రుడొకాయన సొంతంగా ట్రక్కు కొని నడుపుకుంటానంటున్నాడు. అమెరికాలో పదిహేనేళ్ళు కోడు రాసినవాడు లారీ నడపడమేమిటని వాళ్ళింట్లో ఒకటే గోల. అందులో నామోషీ ఏముందో నాకైతే అర్థం కాదు. కాలిఫోర్నియాలో ఎంతోమంది పంజాబీలు ఈ వృత్తిలోనే ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. నా అభ్యంతరం వేరు. ఆయన నెల్లాళ్ళనుంచీ నాకు పంపుతున్న ఫొటోలన్నీ బండ్లవే. ఇంజను ఎంత పెద్దది, వెనక పడక ఎంత వెడల్పు, ఇదే గొడవ. "ఏం మోస్తావయ్యా?" అంటే మాత్రం "ఏదో ఒకటి దొరక్కపోదులే" అంటాడు. రిటైర్మెంటుకని దాచుకున్న డబ్బు పెట్టే వ్యాపారానికి ఆ జవాబు చాలదు.

సరుకు రవాణా కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాసే ప్రాజెక్టులో కొన్నాళ్ళు పనిచేశాను కాబట్టి ఈ లెక్కలు నాకు కాస్త తెలుసు. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్తాను: బండి కొనేసి సరుకు వెతుక్కోకూడదు, సరుకుని బట్టి బండి కొనుక్కోవాలి.

ఇక్కడి ట్రక్కంటే రెండు ముక్కలు. ముందు లాగే ట్రాక్టరు, వెనక సరుకుండే ట్రైలరు. అందరి కళ్ళూ మొదటిదాని మీదే ఉంటాయి గానీ, రోజులెలా గడుస్తాయో తేల్చేది రెండోదే.

డ్రై వాన్ అంటే అన్ని వైపులా మూసిన పెట్టె. చవక. కట్టేదీ విప్పేదీ ఉండదు, లోడ్లకీ కొదవ లేదు. అందుకే పోటీ ఎక్కువ, రేటు తక్కువ. రీఫర్ చల్లటి పెట్టె. కాలం బాగోకపోయినా జనం తినడం మానరు కాబట్టి గిరాకీ ఉంటుంది. తిరుగు ప్రయాణంలో మామూలు సరుకూ వేసుకోవచ్చు. కానీ ఆ చల్లబరిచే యంత్రానికి డీజిలు వేరే, రిపేర్లు వేరే. దారిలో అది మొరాయిస్తే లోడు నష్టం మీ నెత్తికి చుట్టుకుంటుంది. పైగా కిరాణా గోడౌన్ల దగ్గర తెల్లారగట్ల వెళ్ళి గంటలకొద్దీ పడిగాపులు. ఫ్లాట్‌బెడ్ మీద స్టీలు, కలప, యంత్రాలు వెళ్తాయి. రేటు మెరుగే. అయితే గొలుసులు బిగించాలి, వంద పౌన్లకి అటూ ఇటూగా ఉండే టార్పాలిన్ని వానలోనూ మంచులోనూ కప్పాలి. ఇరవయ్యేళ్ళు కుర్చీలో కూచుని నడుం నొప్పి తెచ్చుకున్నవాళ్ళు ఇది రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ట్రాక్టరు సంగతి. మామూలుగా హైవే మీద మొత్తం బరువు 80,000 పౌన్లు దాటకూడదు. బండి, ఖాళీ ట్రైలరు, డీజిలు కలిపి సుమారు 35,000 తీసేస్తే సరుకుకి మిగిలేది 45,000. చిప్స్ పాకెట్లు మోసేవాడికి బరువుకన్నా ముందు చోటు నిండిపోతుంది, వాడు ఎంత పెద్ద పడకున్న బండి కొనుక్కున్నా ఫరవాలేదు. ధాన్యం మోసేవాడికి మాత్రం ప్రతి పౌనూ డబ్బే, ఆ పడక బరువంతా వాడి కిరాయిలోంచే పోతుంది.

పాత బండి మోజు ఇంకొకటి. 2017 డిసెంబరులో డ్రైవింగు గంటల్ని ఎలక్ట్రానిక్ లాగులో నమోదు చెయ్యాలనే నిబంధన వచ్చింది. 2000కి ముందు మోడల్ ఇంజన్లకి అందులో మినహాయింపు ఉంది. దాంతో పాత బండే సుఖమనేవాళ్ళున్నారు. కానీ 2023 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో తిరిగే పెద్ద డీజిలు ట్రక్కులన్నిటికీ దాదాపుగా 2010 లేదా తరవాతి మోడల్ ఇంజను ఉండాలి. అంటే పాత బండి కొన్న రోజే లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల సరుకుకి దణ్ణం పెట్టేసినట్టే.

తరవాత మైలు రేటు అనే మాయ. ఊరికే ఊహించుకున్న అంకెలతో చూద్దాం. గాలను డీజిలు 4 డాలర్లు, గాలనుకి ఆరున్నర మైళ్ళు. మొదటి లోడు 500 మైళ్ళు, మైలుకి రెండున్నర డాలర్లు, వచ్చేది 1250. కానీ దాన్ని ఎక్కించుకోడానికి 150 మైళ్ళు ఖాళీగా వెళ్ళాలి. మొత్తం 650 మైళ్ళకి డీజిలు 400 పోగా మిగిలేది 850. రెండో లోడు కూడా 500 మైళ్ళే, మైలుకి 2.10, వచ్చేది 1050. ఖాళీగా వెళ్ళేది 20 మైళ్ళే. డీజిలు 320 పోను 730 మిగులుతుంది. మొదటిదే మేలు కదా అంటారా? పది గంటల విశ్రాంతి తరవాత 14 గంటల వ్యవధిలో 11 గంటలకి మించి నడపకూడదన్నది రూలు. గంటకి 55 మైళ్ళ లెక్కన 650 మైళ్ళు ఒక్క రోజులో తెమలవు. రెండు రోజులకి 850 ఎక్కడ, ఒక్క రోజుకి 730 ఎక్కడ! కిస్తీ, ఇన్సూరెన్సూ చక్రం తిరిగినా తిరక్కపోయినా రోజుల లెక్కనే పడతాయి మరి.

లోడు దింపాక ఎక్కడ తేలతామన్నదీ చూసుకోవాలి. ఫ్లోరిడాలోకి వెళ్ళే సరుకు ఎక్కువ, పంటల సీజను తప్పిస్తే బయటికొచ్చేది తక్కువ. రేటు బాగుందని లోపలికెళ్ళినవాడిది పద్మవ్యూహంలో అభిమన్యుడి పరిస్థితే.

బ్రోకర్ల సంగతి మన కాంట్రాక్టర్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. క్లయింటు ఎంతిస్తున్నాడో మధ్యలో వెండరు చెప్పడు చూశారూ, అచ్చం అదే. లోడు లెక్కల్ని చూసే హక్కు ట్రక్కువాడికి ఫెడరల్ నిబంధనల్లో ఉంది. అయినా చాలామంది బ్రోకర్లు ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఒప్పందంలోనే రాయించుకుంటారు. దాన్ని గట్టిపరచడానికి 2024 నవంబరులో ప్రభుత్వం ఒక ప్రతిపాదన తెచ్చింది కూడా. అంచేత తెరమీద కనిపించే లోడ్ల మీద మాత్రమే ఆధారపడే బండి కొనద్దు. మీ ఊరి చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ వారం వారం ఏం పంపిస్తుందో, అక్కణ్ణించి తిరుగు సరుకేముందో ముందు కనుక్కోండి.

కంపెనీవాళ్ళ దగ్గరే బండి లీజుకి తీసుకుని, వాళ్ళ సరుకే మోస్తూ, వాళ్ళకే వాయిదాలు కట్టే పథకాలకి మాత్రం దూరంగా ఉండండి. వాటిని నిషేధించమని 2025 జనవరిలో ప్రభుత్వం వేసిన సంఘమే సిఫారసు చేసింది. సరుకు, కిస్తీ రెండూ ఒకడి చేతిలోనే ఉంటే అది సొంత వ్యాపారం ఎలా అవుతుంది?

2021లో రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు ఎగబడి కొన్నవాళ్ళకి 2022 వేసవికల్లా కిరాయిలు పడిపోయాయి. కిస్తీలు పడిపోలేదు. ఏడాదిలో ఏ నెల బావుంటుందన్నది కాదు, అన్నిటికన్నా చెడ్డ మూడు నెలల్లో కిస్తీ కట్టగలమా అన్నది లెక్క వేసుకోవాలి. కట్టగలమనుకుంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. రంగు ఏదైనా ఫరవాలేదు.