కారణ విచారణ: పాత కారు, పెరిగిన పెట్రోలు వ్యయం



కార్యానికి నియతంగా ముందుండేదే కారణమని అన్నంభట్టు తర్కసంగ్రహంలో నిర్వచించాడు. ఆ నిర్వచనానికి ప్రాణం 'నియతంగా' అనే పదంలో ఉంది. కుమ్మరి గాడిద మీద మట్టి తెచ్చాడు, కుండ తయారైంది. కుండ కంటె ముందే గాడిద అక్కడ ఉన్నది. అయినా అది కుండకు కారణం కాదు. మట్టిని బండి మీద తెచ్చినా కుండ అవుతుంది. ఇటువంటి దానిని తార్కికులు అన్యథాసిద్ధమన్నారు. ముందున్న వాటిలో కారణమేదో, గాడిద ఏదో తేల్చుకోవడమే విచారణ.

ఈ వివేకం గత మాఘమాసంలో మా ఇంటి పెట్రోలు లెక్కలకు అవసరమైంది.

మాది 2006లో మా తండ్రిగారు కొన్న చిన్న పెట్రోలు కారు. ఉపాధ్యాయ వృత్తి నుండి విశ్రాంతి పొందిన తరువాత ప్రతి ఆదివారం వేకువనే రాజమహేంద్రవరం నుండి రావులపాలెం మీదుగా కోనసీమలోని మా స్వగ్రామానికి, వృద్ధురాలైన మాతృమూర్తి వద్దకు దానిలోనే వెళ్తాను. రానుపోను సుమారు 130 కిలోమీటర్లు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ లీటర్లు, తిరిగిన దూరం పుస్తకంలో వ్రాసుకోవడం తండ్రిగారి అలవాటు; దానిని నేను కొనసాగిస్తున్నాను.

ఒకనాడు దారిలో ఇంజను విపరీతంగా వేడెక్కింది. నీటి పంపు కారుతున్నదని తేలింది. మేస్త్రీ పంపు మార్చి, కూలెంటు నింపి ఇచ్చాడు. వేడి సమస్య తీరింది. కానీ లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ తరువాత 12 మాత్రమే ఇవ్వసాగింది. వారానికి దాదాపు 2.7 లీటర్ల అదనపు వ్యయం.

ఇంటిలో తీర్పు వెంటనే వెలువడింది. "మంచి సామాను తీసి పాతది బిగించాడు" అని ఒకరు, "పెట్రోలు తోడుకున్నాడు" అని మరొకరు. మా బావగారైతే వెళ్ళి డబ్బు వెనక్కి అడుగుదామని చెప్పులు కూడా తొడుక్కున్నారు. ఆ మేస్త్రీ, తండ్రిగారి అంత్యకాలంలో అర్ధరాత్రి వచ్చి కారు కదిలించి ఆసుపత్రికి చేర్చిన మనిషి. అతని ఉపకారం అతని పనిలోని లోపాన్ని కప్పరాదు, నిజమే. కానీ నిరూపణ లేని నింద అతని అన్నాన్నే పోగొట్టగలదు. కనుక మొదట కారణం తేలాలని నిశ్చయించాను.

మొదటి కర్తవ్యం కార్యం నిజంగా ఉన్నదో లేదో చూడటం. ఒకే బంకులో, నాజిల్ తనంతట తాను మొదటిసారి ఆగిన చోటే ఆపించి, మూడు పర్యాయాలు ట్యాంకు నింపించి లెక్క వేశాను. మూడుసార్లూ 12కు అటూ ఇటూగానే వచ్చింది. పెట్రోలు ఒకసారి తోడి ఉంటే నష్టం ఒక్క ట్యాంకుతో ఆగాలి. మూడు ట్యాంకుల వరకూ సాగదు. ఒక నింద అక్కడే తొలగింది.

రెండవ అనుమానం ఇంధనం మీద. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దీనికి మూలమని మిత్రులన్నారు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు శక్తి తక్కువ. అందువలన ఇటువంటి పాత కార్లలో 6, 7 శాతం తగ్గుదల సహజం. మా పుస్తకంలోనూ అది కనబడుతున్నది: ఆ ఇంధనం రాకముందు 17, వచ్చిన తరువాత 16. అయితే 16 నుండి 12కు పడిపోవడమంటే 25 శాతం. పైగా మరమ్మతుకు ముందూ తరువాతా పోసినది ఆ ఇంధనమే. ఇది ఈ విషయంలో కుమ్మరి గాడిద.

తరువాత ఖర్చు లేని పరీక్షలు. టైర్లలో గాలి సరిగానే ఉన్నది. కొంత దూరం నడిపి, బ్రేకు వేయకుండా కారును దానంతట ఆగనిచ్చి, నాలుగు చక్రాల వద్ద చేయి పెట్టి చూస్తే ఏదీ అధికంగా వేడెక్కలేదు. అనగా బ్రేకులు పట్టుకొని లేవు. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉన్నది. కానీ స్పార్క్ ప్లగ్గులు విప్పితే మసి పట్టి నల్లగా ఉన్నాయి. అవసరాన్ని మించి పెట్రోలు ఇంజనులోకి వెళ్తున్నదనడానికి అది లింగం.

ఎందుకు వెళ్తున్నది? ఇక్కడ అన్వయ వ్యతిరేకాలు దారి చూపాయి. ఇటువంటి కారు సాధారణంగా ఊరిలోని రద్దీలో కంటె రహదారి మీద ఎక్కువ దూరం ఇస్తుంది. మా కారు విపరీతం: మధ్యాహ్నం ఊరిలో తిరిగినప్పుడు నష్టం స్వల్పం, వేకువన రహదారి మీద అత్యధికం. ఉష్ణ సూచికలోని ముల్లు పూర్వం కొద్ది నిమిషాలలో మధ్యకు చేరి స్థిరంగా నిలిచేది. ఇప్పుడు రైల్వే గేటు వద్ద ఆగితే పైకి, పరుగెత్తితే కిందికి దిగుతున్నది. చలిగాలి ఎక్కడ ఉంటే అక్కడ వ్యయం, అది లేనిచోట లేదు.

సూచిక అబద్ధమాడుతున్నదా, ఇంజను నిజంగానే చల్లగా ఉన్నదా అన్నది మిగిలిన సంశయం. దానికి ప్రత్యక్ష ప్రమాణమే శరణ్యం. ఉదయం చల్లని ఇంజనును ప్రారంభించి, ఫ్యానుకు దూరంగా రేడియేటరు పై గొట్టాన్ని తాకి చూశాను. థర్మోస్టాట్ సక్రమంగా ఉంటే ఇంజను సుమారు 82 డిగ్రీలకు చేరేదాకా ఆ గొట్టం చల్లగానే ఉండి, పిమ్మట ఒక్కసారిగా వేడెక్కాలి. మాది మొదటి నుండీ మెల్లమెల్లగా వెచ్చబడింది. నీటి ప్రవాహాన్ని అడ్డగించే ద్వారపాలకుడు అక్కడ లేడన్నమాట. నీరు వేడెక్కకపోతే ఇంజను ఇంకా అప్పుడే మేల్కొన్నదని భావించి దాని కంప్యూటరు అదనపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

అప్పుడు మేస్త్రీ వద్దకు వెళ్ళాను, నిందతో కాదు, ప్రశ్నతో. "థర్మోస్టాట్ ఉన్నదా నాయనా?"

"ఆయ్, తీసేశానండి మాస్టారూ. మన ఎండలకి అదెందుకండి? పాతదైపోయింది, పట్టేస్తే మళ్ళీ ఇంజను కాలిపోద్ది. అమ్మగారి దగ్గరికెళ్ళేప్పుడు మీరు దారిలో ఆగిపోకూడదని తీశానండి."

మరమ్మతే కారణమని తేలింది. కానీ మోసం లేదు. ఎందరో మేస్త్రీలు ఆచరించే ఒక అపోహను ఇతడూ హితబుద్ధితో ఆచరించాడు. కొన్ని వందల రూపాయల కొత్త థర్మోస్టాట్‌ను కూలి తీసుకోకుండా తానే బిగించాడు. తరువాతి మూడు ట్యాంకుల సగటు 15.8. ముల్లు మళ్ళీ మధ్యలో నిలిచింది. పుస్తకం చూపితే అతడు చాలాసేపు అంకెలు చూసి, ఇక ఏ బండికీ అది తీయనన్నాడు. బావగారు ఏమీ అనలేదు. మరుసటి వారం తమ స్కూటరును అక్కడికే పంపారు.

ఇంటిలోని వారి ఊహ ఒక విధంగా సరియైనదే: మరమ్మతు తరువాత వచ్చిన దోషం మరమ్మతు వల్లనే వచ్చింది. అయినా ఆ ఊహతోనే వెళ్ళి కలహించి ఉంటే డబ్బు తిరిగి వచ్చేదేమో, థర్మోస్టాట్ మాత్రం వచ్చేది కాదు. కారణం వస్తువులో ఉంటుంది. దోషం సంకల్పంలో ఉంటుంది. మొదటిది తెలుసుకోవడానికి లెక్క, స్పర్శ, ఓర్పు చాలు. రెండవదానికి ఆ మనిషినే అడగాలి, అతడు చెప్పేదాకా వినాలి.

స్వస్తి.