పుట్టినిల్లు, మెట్టినిల్లు

మా చెల్లెలు అమెరికాకు వెడలి పదునాలుగేండ్లయినది. వచ్చు నెలలో అచ్చటి పౌరసత్వమునకై ప్రమాణము చేయనున్నది. "అక్కయ్యా, ఆ మాటతో నేను మన దేశానికి పరాయిదాన్నవుతానా?" అని మొన్న ఫోనులో కంటతడి పెట్టినది.

మావారు చట్టము చదివి చెప్పిరి. 1955 నాటి మన పౌరసత్వ చట్టము ననుసరించి, తమంతట తాము పరదేశ పౌరసత్వము స్వీకరించినవారికి భారత పౌరసత్వము పోవును. ఓ.సీ.ఐ. కార్డు పొందినచో జీవితాంతము రాకపోకలు సాగించవచ్చును. కాని వోటు లేదు, వ్యవసాయభూమి కొనరాదు. చెల్లెలి దుఃఖమునకు మూలమిచ్చటనే యున్నది. దాని చదువునకై మా తండ్రిగారు దివిసీమలో నొక యెకరము మాగాణి నమ్మిరి. ఎప్పటికైనను తిరిగివచ్చి ఆ పొలమును మరల కొనవలెనని దాని కోరిక.

నాకు నా పెండ్లి తలపునకు వచ్చినది. బెజవాడకు కోడలినై వచ్చిననాడే నా యింటిపేరు మారినది, గోత్రము మారినది, నన్నడిగినవారు లేరు. పుట్టింట నాకు నేటికిని పసుపుకుంకుమలు, చీర గలవు. ఇంటి వ్యవహారములలో మాట మాత్రము లేదు. ఆ కార్డు సయితము అట్టి పసుపుకుంకుమయే. తొలియేడు మనసు దివిసీమలోనే విడిచి యీ యింట మెలగితిని. ఆ యేడాది నేను రెండిండ్లలో దేనికిని చెందకపోతిని.

కావున దానితో నిట్లంటిని: "ప్రమాణం చేస్తే మనస్ఫూర్తిగా చెయ్యవే. నీ పిల్లలు పుట్టిన నేలమీద సగం మనసుతో బతకవద్దు. ఆ ఎకరం ఎక్కడికీ పోలేదు, నీ చదువై నీతోనే ఉంది. అమ్మానాన్నల తరువాత నా ఇల్లే నీ పుట్టిల్లు."

చెప్పినదానను నేనే; అయినను ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.