తలవెండ్రుకల రంగు



మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో మిరప కోతల కాలము వచ్చినప్పుడు తల్లులు చేలకు పోవుదురు, బిడ్డలు గట్లమీద ఎండలో ఆడుకొందురు. వారిలో కొందరి జుట్టు రాగి తీగవలె నుండుట మీరును చూచియే యుందురు. తల్లిదండ్రులు ఎంత చక్కని పేరు పెట్టినను, అట్టి బిడ్డను ఊరు పిలుచు పేరు “ఎర్రజుట్టోడు” అనియే.

నే నెరిగిన ఒక పల్లెలో నాలుగేండ్ల ఆడుబిడ్డ యుండెను. “ఎర్రజుట్టు పిల్ల, మొండిది, ఎప్పుడూ ఏడుపే” అని యిరుగుపొరుగువారు అనుచుండిరి. “తలకు చమురైన రాయని తల్లి” అని కొందరు తప్పు పట్టిరి. “ఆ జుట్టు వాళ్ళింట్లో ఎవరికుందే?” అని మరియొకతె నవ్వెను. ఆ మాట తల్లి గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆమె బిడ్డకు తల గొరిగించెను. జుట్టు పోయినది గాని పేరు పోలేదు. మరల మొలిచిన జుట్టును ఎర్రగానే యుండెను.

ఆ పల్లెకు వచ్చిన నర్సమ్మ జుట్టును చూచి ఊరకుండక, బిడ్డ పాదములను వ్రేలితో నొక్కి చూచెను. అవి నీరు పట్టి యుండెను. “అమ్మా, బిడ్డకేమి పెట్టుచున్నావు?” అని యడిగెను. గంజి, పచ్చడి మెతుకులు తప్ప మరేమియు లేదు. చంటివాడు పుట్టగా ఈ బిడ్డకు తల్లిపాలును మానిపోయెను.

ఈ వ్యాధి పేరు క్వాషియార్కర్. ఆఫ్రికాలో, నేటి ఘనా దేశములో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1935లో దీనిని ఆ పేరుతో వైద్యలోకమునకు తెలిపెను. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు ముందటి బిడ్డకు వచ్చు జబ్బని అచ్చటివారి భాషలో దాని భావము. మాంసకృత్తులు చాలని శరీరములో జుట్టు నలుపు తగ్గిపోవును. బిడ్డ చిరాకుపడును, ఆటపాటలు మానును. ఊరు మొండితన మన్నది ఆకలియే!

పప్పు, గ్రుడ్డు, పాలు పెట్టగా కొన్ని నెలలకు ఆ బిడ్డ జుట్టు కుదుళ్లయొద్ద నల్లబడెను. ఏడుపును తగ్గెను.

అయితే ఎర్రని జుట్టంతయు రోగము కాదు. ఎండవలన కొందరికి, పుట్టుకతోనే కొందరికి అట్లుండును. బాలనెరుపు వచ్చిన కన్యను పెండ్లిచూపులలో కాదనువారును గలరు. ఆ తెలుపు ఆమె గుణమును గూర్చి యేమి చెప్పును? మరియొక వింత చూడుడి. గుంటూరులోను ఒంగోలులోను డబ్బిచ్చి జుట్టుకు రాగి రంగు వేయించుకొనువారిని చూచి అందమందుము. అదే రంగు కూలివాని బిడ్డ తలపై నుండిన నవ్వుదుము. కావున మనము ఏవగించుకొనునది రంగును కాదు, పేదరికమునే.

ఒక వెండ్రుకనైనను తెల్లగా గాని నల్లగా గాని చేయుట మనవలన కాదని ప్రభువు కొండమీది ప్రసంగములో సెలవిచ్చెను. అయినను ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టుట మనవలన నగును. 1975లో దేశమున మొదలైన అంగన్‌వాడీలు నేడు మన పల్లెలలో నున్నవి. అచ్చట గ్రుడ్డు, పాలు ఇచ్చుచున్నారు. రాగి రంగు జుట్టు గల బిడ్డ కనబడినప్పుడు, ముందుగా ఆ బిడ్డను పెట్టిన పేరుతో పిలువుడి. తరువాత, “ఏమి తింటివి, తల్లీ?” అని యడుగుడి.