నల్ల చద్దరు

సోలాపూర్ స్టేషన్‌లో దిగి, ఆటో ఎక్కి అశోక్ చౌక్ వైపు మళ్లితే చాలు, నాకు సొంతూరు వచ్చినట్టే. బోర్డులు మరాఠీలో, మాటలు తెలుగులో. తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పద్మశాలీల పేటలివి. ఇక్కడి చద్దరుకూ తువ్వాలకూ 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మా మేనమామ ఇక్కడే ఉంటాడు. ఒకప్పుడు చద్దర్లు నేసేవాడు, ఇప్పుడు తువ్వాళ్లు. నేను సాంచా వదిలి పుణేలో బ్యాంకు ఉద్యోగానికి పోయినప్పుడు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. "ఈ విద్య ఇంక ఎవనికి చెప్పాల్రా?" అన్న ఆయన మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ఈసారి మా అబ్బాయీ వెంట వచ్చాడు. వాడు పుణేలో పాత కార్లు బాగుచేస్తాడు. ఇప్పుడు వాడి షెడ్డులో ఒక ఎం.జి.బి. ఉంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారది. దాని పక్క అద్దానికి కార్బన్ ఫైబర్ తొడుగు కావాలని యజమాని కోరిక. మావాడు మూడు చేస్తే మూడింటికీ గుండ్రటి ముక్కు దగ్గర ముడత పడింది. ఖరీదైన గుడ్డ, చెత్తబుట్ట పాలైంది.

టీ తాగుతూ వాడు సంచిలోంచి ఆ గుడ్డ తీశాడు.

"ఏందిరా, నల్ల చద్దరా?" అంటూ మామ అందుకుని, కళ్లద్దాలు సవరించుకుని వేళ్లతో తడిమాడు. "రెండు మీద, రెండు కింద. ట్విల్లు నేత."

మావాడు నోరు తెరిచాడు. తరువాత వాడు చెప్పాడు: అందులో ఒక్కో పోగులో 3000 నూలుపోచలు, ఒక్కోటి వెంట్రుకలో పదోవంతు. మైనం పూసిన అచ్చు మీద ఆ గుడ్డ పరిచి, ఎపాక్సీ జిగురు పట్టించి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి గాలంతా లాగేస్తే, జిగురు గట్టిపడి రేకులాంటి తొడుగు వస్తుంది. 1981లో మెక్‌లారెన్ రేసు కారు ఎంపీ4/1 చట్రమే ఇలాంటి కార్బన్‌తో చేశారట.

మామకు రేసు కార్లతో పనిలేదు. "గుడ్డ ఎట్ల పరుస్తున్నవ్?" అని అడిగాడు.

చెంబు బోర్లించి, పల్చటి తువ్వాల కప్పాడు. పడుగు వెంట, పేక వెంట లాగితే ముడతలు పడ్డాయి. మూలలు పట్టి ఐమూలగా లాగేసరికి చెంబుకు చర్మంలా అంటుకుంది.

"పడుగు సాగదు బిడ్డా, పేకా సాగదు. ఐమూల సాగుతది. గుడ్డను ఐమూలగ కోసి, నడుమ నుంచి అంచులకు నిమురు."

ఇద్దరూ చెంబు మీద వంగి చాలాసేపు కూర్చున్నారు. నేను కడక్ భాకరీ, శేంగా చట్నీ తింటూ చూస్తూ ఉండిపోయాను. ఆ విద్య చెప్పడానికి ఆయనకు మనిషి దొరికాడు. ఆ మనిషి నా కొడుకు.

పుణేకు వచ్చాక చేసిన నాలుగో తొడుగు ముడత లేకుండా వచ్చింది. మావాడు వెంటనే తాతకు ఫోన్ చేశాడు.

"బరువెంతుంది?"

"కోడిగుడ్డంత, తాతా."

"నా చద్దరు రెండు కిలోలు తూగుతది, తెలుసా!" అని నవ్వి, ఫోన్ నాకిమ్మన్నాడు. "మళ్ల ఎప్పుడొస్తర్రా?"

శ్రావణ పౌర్ణమికి, మార్కండేయుడి రథం నాటికి వెళ్తున్నాం. టికెట్లు మావాడే తీశాడు.