ఫ్యాక్టరీ కెమిస్టు అధ్యక్షుడైన కథ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. నేను రచయితను కాను. హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో కెమిస్టును. వారం పగలు, వారం రాత్రి షిఫ్టు. అందుకే నాకు తెలిసిన వృత్తిలోని ఒక మనిషి గురించే రాస్తున్నాను. ఆయన పేరు హెన్రీ ఆరన్ హిల్.

హిల్ 1915లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ జోసెఫ్ పట్టణంలో, నల్లజాతి కుటుంబంలో జన్మించారు. నల్లజాతి విద్యార్థుల చదువు కోసం వెలసిన జాన్సన్ సి. స్మిత్ యూనివర్సిటీలో 1936లో డిగ్రీ పూర్తిచేశారు. 1942లో ఎం.ఐ.టి.లో డాక్టరేట్ పొందారు. అక్కడ ఆయనకు జేమ్స్ ఫ్లాక్ నోరిస్ అనే ప్రొఫెసర్ దొరికారు. తన తాతలెవరో పట్టించుకోకుండా, తనకు కెమిస్ట్రీ నేర్చుకునే శక్తి ఎంత ఉందో చూసిన మొదటి పెద్దమనిషి నోరిస్ గారేనని హిల్ తర్వాత చెప్పుకున్నారు.

ఈ మాట చదివితే మనలో ప్రతి ఒక్కరికీ ఒక సారు గుర్తుకొస్తారు. నాకు ఇంటర్ ప్రాక్టికల్స్ సారు గుర్తొచ్చారు. మీదే ఊరు, మీరేమిటోళ్లు అని ఆయన ఏనాడూ అడగలేదు. టెస్ట్ ట్యూబ్ చేతికిచ్చి, బ్రౌన్ రింగ్ వచ్చేదాకా పక్కనే నిలబడేవారు.

కానీ చదువు దగ్గర తెరుచుకున్న తలుపు ఉద్యోగం దగ్గర అంత సులువుగా తెరుచుకోలేదు. ఎం.ఐ.టి. డాక్టరేట్ చేతిలో ఉండి కూడా, నల్లజాతివాడు కావడంతో, ఎన్నో దరఖాస్తులు పెడితేగానీ హిల్‌కు పని దొరకలేదు. చివరికి మసాచుసెట్స్‌లో ఒక చిన్న కంపెనీలో చేరారు. మరో రెండు కంపెనీల అనుభవం తర్వాత 1960ల మొదట్లో రివర్‌సైడ్ రీసెర్చ్ లాబొరేటరీస్ అనే సొంత పరిశోధనశాల పెట్టారు. తలుపు తట్టినవాడే ఒక తలుపుకు యజమాని అయ్యారు.

ఆయన పని పాలిమర్ల మీద, బట్టలు ఎలా అంటుకుంటాయనే విషయం మీద. దీపావళికి కాటన్ బట్టలు వేసుకోమని మన పెద్దలు ఎందుకంటారో తెలుసు కదా! పాలిస్టర్ మంటకు కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. అలాగని కాటన్ అంటుకోదనీ కాదు. ఏ నూలు ఎలా మండుతుందో తెలిస్తేనే ప్రాణాలు కాపాడే బట్ట తయారవుతుంది. 1968లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆయనను వినియోగ వస్తువుల భద్రతపై వేసిన జాతీయ కమిషన్‌లో సభ్యునిగా నియమించారు.

ఇప్పుడు అసలు విషయం. అమెరికన్ కెమికల్ సొసైటీ 1876లో ఏర్పడింది. సైన్స్ సంఘం అనగానే ప్రొఫెసర్లు, ఉపన్యాసాలు అనుకుంటాం. హిల్ అక్కడ కంపెనీల్లో పనిచేసే కెమిస్టుల సంగతి పట్టించుకున్నారు. యాజమాన్యాలు కెమిస్టులతో ఎలా మెలగాలో చెప్పే మార్గదర్శకాలను ఆ సొసైటీ మొదటిసారి తయారుచేసినప్పుడు వాటి వెనుక ఆయన కృషి ఉంది. 1977లో ఆ సొసైటీకి అధ్యక్షులయ్యారు. నూరేళ్ల చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. ఆయన గురువు నోరిస్ కూడా 1925, 1926లలో అదే సొసైటీకి అధ్యక్షులు.

ఆ మార్గదర్శకాల విలువ నాకు పుస్తకం చదివి తెలియలేదు. నేను మొదట చేరిన కంపెనీలో పది నెలల దాకా అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు. ఒక సాయంత్రం నాతోపాటు చేరిన ఇద్దరికి "రేపట్నుంచి రావొద్దు" అన్నారు. నోటీసు లేదు, కారణం లేదు. ఇద్దరూ ఎమ్మెస్సీలే. గేటు బయట టిఫిన్ బాక్సులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల తరఫున ఒక్క మాట అడగడానికి మాకు ఏ సంఘమూ లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన హాస్టల్లో ఎవరైనా ఉద్యోగం సంపాదిస్తే "సెటిలయ్యాడు" అంటాం. సంతోషమే. కానీ హిల్ తనకు పని దొరికిందని అక్కడితో ఆగలేదు. లోపలున్నవాళ్లకు గౌరవం, వెనుక వచ్చేవాళ్లకు దారి ఉండాలనుకున్నారు. అందుకోసం సంఘంలో చేరి, కమిటీల్లో కూర్చుని, ఏళ్ల తరబడి పనిచేశారు. 1979లో కన్నుమూశారు. ఆ సొసైటీ ఈశాన్య విభాగం ఆయన పేరుతో ఒక అవార్డు ఇస్తుంది. అది పరిశోధనకు కాదు, సేవకు. నోరిస్ పేరుతో కూడా అదే విభాగం అవార్డు ఇస్తుంది. గురుశిష్యుల పేర్లు అలా పక్కపక్కనే నిలిచాయి.

మీలో రేపు ఫార్మా కంపెనీలకు వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. చేరిన రోజే అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. పీఎఫ్ నంబరు అడగండి. మీ వృత్తి సంఘం ఏదో తెలుసుకుని సభ్యులు కండి. మన జూనియర్ ఒకడు బయోడేటా పట్టుకుని మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తే, సెక్యూరిటీ గార్డు పంపేసేలోపు మీరు బయటికి రండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

ఇట్లు
మీ పూర్వ విద్యార్థి